ఎసరు లెక్క

ధవళేశ్వరంలో ఈ ఉదయం నీళ్లు విడివిడిగా వస్తున్నాయి. ఎస్తేరు టీచరు వంటింట్లో ఎడమ కుళాయి తిప్పితే హైడ్రోజన్, కుడి కుళాయి తిప్పితే ఆక్సిజన్. మున్సిపాలిటీ వాళ్లు చెప్పిన వేళకే వదిలారు కాబట్టి వీధిలో ఎవరికీ ఫిర్యాదు లేదు.

కోమలికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడడం లేదు. టీచరుకి దాహంగా ఉంది. నీళ్లు లేక ఆవిడ మంచం మీద పలచబడిపోతోంది, ఇప్పటికే అప్పడమంత అయింది. కిటికీలోంచి గాలి వీచినప్పుడల్లా దుప్పటితోపాటు ఆవిడా లేస్తోంది. కోమలి ఆవిడ కొంగును మంచం కోడుకి ముడివేస్తుంది.

కోమలి ఇప్పుడు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది గాని, పదో తరగతిలో మోల్ అంటే ఏమిటో తెలియక వెక్కి వెక్కి ఏడ్చిన పిల్ల. ఆ ఏడుపు మాన్పించింది ఈవిడే. ఆ మాట ఎదురుగా కూర్చుని చెప్పుకుందామనే ఈవేళ వచ్చింది. ఎండిపోయిన చెవికి మాట ఎక్కదు. ముందు నీళ్లు కావాలి.

బొగ్గుముక్కతో గోడ మీద సమీకరణం రాస్తుంది. రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, బాణం, రెండు నీళ్లు. అటూ ఇటూ పరమాణువులు సరిపోయాయి. సంచిలోంచి కాలేజీ తక్కెడ తీసి రెండు గ్రాముల హైడ్రోజన్, ఒక గ్రాము ఆక్సిజన్ జాగ్రత్తగా తూచి గిన్నెలో కలిపి అగ్గిపుల్ల గీస్తుంది.

టప్‌మంటుంది. గిన్నె అడుగు తడుస్తుంది, అంతే. జత దొరకని హైడ్రోజన్ అలిగి పెంకుల కిందికి చేరి ఇంటిని జానెడు పైకి ఎత్తుతుంది. గడప కింది సందులోంచి పక్కింటి కోడిపెట్ట తీరిగ్గా నడిచి వెళుతుంది. కోమలి మళ్లీ తూచి మళ్లీ వెలిగిస్తుంది. ఈసారి ఇల్లు మూరెడు లేస్తుంది.

"ఏంటే ఆ చప్పుడు?" అంటుంది టీచరు. గొంతు కాగితం చప్పుడులా ఉంది.

"నీళ్లు చేస్తున్నానండి. రెండు గ్రాములకి ఒక గ్రాము వేశానండి."

"అన్నానికి ఎసరు తూచి పెడతావేంటే?"

"లేదండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులండి."

"మరి? సమీకరణంలో అంకె ఎన్నో చెబుతుంది గాని ఎంత బరువో చెప్పదే. డజను నిమ్మకాయలూ డజను గుమ్మడికాయలూ ఒకటే తూగుతాయా?"

"తూగవండి."

"డజను మాత్రం డజనే కదా. మోలూ అంతే."

కోమలికి నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఇవే గుమ్మడికాయల్ని ఆమె ఏటా తన పిల్లలకి చెబుతోంది. తన టీచరు దాహం దగ్గరకొచ్చేసరికి అదే మరిచి తక్కెడ పట్టుకుంది.

తక్కెడ పక్కన పెట్టి స్టీలు గ్లాసు తీసుకుంటుంది. ఒకే గ్లాసులో ఏ వాయువు పట్టినా అణువుల లెక్క ఒకటే. ఎడమ కుళాయి కింద రెండుసార్లు, కుడి కుళాయి కింద ఒకసారి పట్టి బిందెలో పోస్తుంది. అగ్గిపుల్ల గీయగానే బిందెలో నీళ్లు మెరుస్తాయి. వంచితే సరిగ్గా రెండు గ్లాసులు నిండుతాయి. బిందెలో ఏమీ మిగలలేదు.

"మూడు పోస్తే రెండొచ్చాయేంటండి?"

"గ్లాసులు తగ్గాయి గాని బరువు తగ్గలేదే. కావాలంటే ఇప్పుడు తూచుకో."

టీచరు తాగుతుంది. ముందు వేళ్లు, తర్వాత బుగ్గలు, ఆఖరికి ఆవిడ పాత కోపం కూడా నిండుతాయి. కోమలి కొంగు ముడి విప్పి ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది.

"నాకు లెక్క వచ్చిందంటే మీ చలవేనండి. నేను తింటున్న ఈ అన్నం మీరు పెట్టిందేనండి."

"సరేలే. ఆ రెండో గ్లాసు తాగు."

"అదీ మీకేనండి."

"నా ఒక్కదానికే అయితే నీళ్ల ముందు రెండు అని ఎందుకు రాసుంటుందే?"

కోమలి గ్లాసు అందుకుంటుంది. ఇల్లు ఈపాటికి కొబ్బరిచెట్లు దాటింది. కింద గోదావరి రెండు పాయలుగా, రెండు వాయువులుగా పారుతోంది. ప్రతి డాబా మీదా టీచరు దగ్గర చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరూ రెండేసి గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఒకటి తాగి, రెండోది ఆకాశంలోకి ఒంపుతున్నారు. వాన కింది నుంచి పైకి కురుస్తోంది.

టీచరు కిటికీలోంచి చెయ్యి చాపి హాజరు పిలవడం మొదలుపెడుతుంది. పేరు పిలవగానే ఒక చినుకు అరచేతిలో పడి, "వచ్చానండి" అంటుంది. కోమలి పేరు పిలిచినప్పుడు, ఆమె నోరు తెరవకముందే చేతిలోని గ్లాసు పలుకుతుంది.