పొదలోని వహ్వా

ఖైరాతీ మియా మోకాళ్ళ మీద పొదలోకి దూరి, వెనక్కి తిరిగి, సారంగిని బిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా లోపలికి లాక్కున్నాడు. అది మల్లెపొద. ఇనుపతీగల మీద గోనెగుడ్డ చుట్టి, దానికి ఆకుపచ్చ కాగితాలు అంటించి, పైన దూదితో పూలు పెట్టారు. దాదర్‌లోని ఆ రేకుల షెడ్డులో రాజకుమారి ఉద్యానవనమంతా ఇలాంటిదే. మధ్యలో నీళ్ళు లేని కొలను. కొలనులో, కెమెరాకు కనబడనంత లోతున, తబలా నన్హే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఉన్న మైకు ఒక్కటే. గాయనికీ వాద్యాలకూ ఉమ్మడిగా అది అట్ట కొబ్బరాకుల నడుమ వేలాడుతోంది.

అది 1931. బొమ్మకు నోరు వచ్చిన సంవత్సరం. పత్రికలన్నీ ఆ నోటిని గురించే రాశాయి. అది రాగానే చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు కుట్టేశారన్న సంగతి ఎవరూ రాయలేదు. మూగబొమ్మల కాలంలో సెట్టు సంతలా ఉండేది. దర్శకుడు అరిచేవాడు, వడ్రంగులు సుత్తులు మోగించేవారు, నాయిక ఏడవవలసి వస్తే మియాను కెమెరా పక్కన కూర్చోబెట్టి సారంగి వాయించమనేవారు. ఆమె కన్నీళ్ళు తెరకెక్కేవి. మియా వాయించినది గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు మొదటిసారి అతని సారంగిని దేశమంతా వినబోతోంది. అందుకు విధించిన షరతు చిన్నదే: నోరు మెదపకూడదు.

నిన్న రెండుసార్లు మియా ఆ షరతు తప్పాడు.

తప్పు అనడం సినిమావాళ్ళ భాష. మొరాదాబాద్ సారంగివాళ్ళ ఇళ్ళలో పిల్లలకు కమాను పట్టడం కంటే ముందు నేర్పేది మెచ్చుకోవడం. పాట మెరిసిన చోట ‘వాహ్’ అనాలి. అనకపోతే, కడుపునిండా పెట్టిన ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా చేయి కడుక్కుని పోయినట్టు. ఇప్పుడు రాజకుమారి వేషం కట్టిన అల్మాస్ బాయి సొంత ఇంట్లో కచేరీలు చేసే రోజుల నుంచి, ముప్పై ఏళ్ళుగా, మియా ఆమె వెనక కూర్చుని వాయిస్తున్నాడు. ఆమె గొంతు పై షడ్జాన్ని అందుకుని అక్కడ నిలబడినప్పుడల్లా అతని నోటి నుంచి ఆ మాట రెప్పపాటంత సహజంగా వస్తుంది.

“ఇవాళ మళ్ళీ నోరు తెరిచావో, సారంగి నీది, పొద నాది,” అన్నాడు దర్శకుడు చిమన్‌భాయ్. “గేటు అదిగో. రేపట్నించి నాటకాల కంపెనీ హార్మోనియం వాడొస్తాడు. వాడికి చెముడు. నాక్కావాల్సింది అదే.”

“మాటిచ్చాను కదా సేఠ్‌జీ,” అన్నాడు మియా పొదలోంచి.

“నిన్నా ఇచ్చావ్.”

“నిన్నటిదీ నిజం మాటే. బాయీజీ పాడకుండా ఉంటే నిలబడేది.”

ఉదయం మియా ప్రమేయం లేకుండానే పాట రెండుసార్లు చెడింది. ఒకసారి లోకల్ రైలు వల్ల, ఒకసారి రేకుల మీద వాలిన కాకి వల్ల. కాకికి ఎవరూ గేటు చూపించలేదు. మైకుకు చప్పుడు గిట్టదని పంకాలు ఆపేశారు. గోనెపొదలో మియా ఆవిరికుడుములా ఉడికాడు.

మధ్యాహ్నం నన్హే కొలనులోంచి పాకుతూ పైకొచ్చి, మియా పక్కన రొట్టెల మూట విప్పాడు.

“కాళ్ళు చచ్చుబడిపోయాయి చాచా. అందులో నీళ్ళున్నా బాగుండేది, మునిగి పోయేవాణ్ణి.”

“మునుగు, కానీ తబలా గట్టున పెట్టి మునుగు.”

“నా సంగతి సరే. నువ్వు నోరెలా కట్టుకుంటావ్? పెళ్ళినాడు ఖాజీగారు అడిగినప్పుడైనా మూసుకున్నావా అసలు?”

“మూసుకోవాల్సింది అక్కడేరా,” అన్నాడు మియా నిట్టూర్చి.

“కిళ్ళీ కుక్కుకో. ఒకటి కాదు, రెండు. కిళ్ళీ ఉన్న నోరూ తాళం పడ్డ కొట్టూ ఒకటే.”

మియా రెండు బుగ్గల్లో రెండు కిళ్ళీలతో పొదలోకి వెళ్ళాడు. రైలు వెళ్ళిపోయాక కెమెరా తిరిగింది. అల్మాస్ బాయి ఒక్కొక్క స్వరమే ఎక్కుతూ వెళ్ళి పై షడ్జం మీద నిలబడింది. మియా కళ్ళు మూసుకున్నాడు. మాట పంటి దాకా వచ్చి తమలపాకుల్లో చిక్కుకుంది. ఎర్రటి రసం గడ్డం మీదుగా కుర్తా మీదికి కారింది. సెట్టు నిశ్శబ్దంగా ఉంది. చిమన్‌భాయ్ ముఖం వెలిగింది.

అల్మాస్ బాయి పాట ఆపేసింది.

“మియాసాబ్ ఉన్నారా, పోయారా?” అంది పొదవైపు చూస్తూ.

“ఎందుకాపారు బాయీజీ!” చిమన్‌భాయ్ తల పట్టుకున్నాడు.

“ఎవరికని పాడను? అక్కడ మనిషే ఉన్నట్టు లేదు.” ఆమె రాజకుమారి కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వచ్చి కాగితపు ఆకులు తప్పించి చూసి, కెవ్వుమంది. “హాయ్ అల్లా! నెత్తురు!”

“నెత్తురు కాదు బాయీజీ, బనారస్ తమలపాకు,” అన్నాడు నన్హే కొలనులోంచి.

“ఉమ్మేయండి ముందు,” అంది ఆమె మియాతో. “ముప్పై ఏళ్ళూ చెయ్యందించి, ఇవాళ పై మెట్టు మీద వదిలేసి పోతారా?”

“సేఠ్‌జీ వద్దన్నారు.”

“సేఠ్‌జీ పాడతారా?”

చిమన్‌భాయ్‌కి ఏడుపు ఒక్కటే తక్కువ. “ఈయన నోరు తెరిస్తే నాకు చెడుతుంది, మూస్తే ఆవిడకి చెడుతుంది! ఫిల్ము ఒక్క డబ్బా మిగిలింది. బాయీజీ, కళ్ళు మూసుకుని పాడండి. మియా, నువ్వు నోరు మూసుకుని వాయించు. ఇదే ఆఖరు.”

మియా నోరు పుక్కిలించి మళ్ళీ పొదలోకి వెళ్ళాడు. కిళ్ళీ అడగలేదు. నన్హే అది చూశాడు.

అల్మాస్ బాయి కళ్ళు మూసుకోలేదు. పై షడ్జం చేరి, కథలో రాజకుమారికి ఏ అవసరమూ లేకపోయినా, పొదవైపు తల కొంచెం తిప్పింది. గేటు ఎక్కడుందో మియాకు తెలుసు. ఈసారి మాట నోరు జారలేదు. కచేరీలో అన్నట్టే, గుండె నిండా గాలి పీల్చుకుని అన్నాడు:

“వాహ్!”

ఆమె నవ్వి, అప్పటిదాకా ఎన్నడూ వెళ్ళని మరో స్వరానికి ఎక్కింది. సారంగి ఆమె వెంటే ఎక్కింది.

పాట ముగిసింది. ధ్వని గదిలోంచి, పాట రికార్డు చేసే సోరాబ్‌జీ బయటికొచ్చాడు. చెవులకు తగిలించుకునే గొట్టాలు అతని మెడలో ఉన్నాయి.

“చెడింది కదూ?” అన్నాడు చిమన్‌భాయ్.

“రెండు ‘వాహ్’లు పడ్డాయి.”

“రెండా?”

“మొదటిది పొదలోంచి. రెండోది ఆ పై స్వరం దగ్గర, కెమెరా పక్కనుంచి. గుజరాతీ గొంతు.”

అందరూ కెమెరా పక్కకు చూశారు. అక్కడ నిలబడి ఉన్నది చిమన్‌భాయ్ ఒక్కడే.

“నేనా?” అన్నాడు. అతను చాలాసేపు తన పెదవులు తుడుచుకున్నాడు. “సరే, ఉంచండి. మియాను పిలవండి.”

పొద ఖాళీగా ఉంది. వెనక గోనె చీలిక తెరుచుకుని ఉంది. ఎవరో తీర్పు చెప్పేదాకా ఆగడం మియాకు అవమానమనిపించి ఉండాలి. సారంగితో ఆ సాయంత్రమే మొరాదాబాద్ రైలెక్కాడు. మరుసటి వానాకాలంలో అక్కడే పోయాడు. పోస్టరు మీద దూది పూలు చేసినవాడి పేరుంది, మియా పేరు లేదు. హాలులో మొదటి ‘వాహ్’కు జనం పక్కవాడు అన్నాడనుకుని తిరిగి చూసేవారు; రెండోదాన్ని తామే అనేవారు.

వాద్యం పట్టేవాడు చెప్పులతో కూర్చోడు. మియా వాటిని పొద ముందు విడిచి, పొద వెనక నుంచి వెళ్ళాడు. ఫిల్ము కడిగి చూస్తే అవి బొమ్మలో పడ్డాయని తెలిసింది. తక్కిన దృశ్యాలు ఆ పాటతో కలవాలి గనుక ఆ చెప్పులను ఎవరూ ముట్టుకోకూడదని చిమన్‌భాయ్ ఆజ్ఞాపించాడు. తెరకు ఎడమ అంచున, రాజకుమారి విహరించినంతసేపూ, మడమలు అణిగిన ఆ తోలు జోళ్ళు ముక్కులు పొదవైపు పెట్టుకుని, లోపలికి వెళ్ళినవాడి కోసం కూర్చునే ఉంటాయి.