రెండో రాయి

పక్షవాతం వచ్చాక ఆవిడకు ఒక్క మాటే మిగిలింది. ఆ మాట 'సరే'.

మంచినీళ్ళు కావాలన్నా సరే, వద్దన్నా సరే, నడుం పీకేస్తోందన్నా సరే. తలలో మాటలన్నీ ఎప్పటిలాగే బుద్ధిగా వరుసలో నిలబడేవి. పెదవి దాటేసరికి అన్నీ ఆ ఒక్క మాటయిపోయేవి. "తెలివి ఎక్కడికీ పోలేదు, అన్నీ అర్థమవుతాయి. మాట తయారయ్యే చోట దెబ్బ తగిలింది" అన్నాడు డాక్టరు. కుడి చెయ్యి పడిపోయింది. ఎడం చేత్తో రాయబోతే అక్షరాలూ మొరాయించాయి. తల అడ్డంగా ఊపేది, నోరు మాత్రం సరే అనేది. అందరూ నోటినే నమ్మేవాళ్ళు.

పక్కింటావిడ వచ్చి "వదినా, మీ నిచ్చెన రెండు రోజులు వాడుకోనా?" అంటే సరే. ఆ నిచ్చెన మళ్ళీ ఈ ఇంటి మొహం చూడలేదు. జుట్టు కత్తిరించడానికి ఇంటికొచ్చిన అమ్మాయి "బాగా పొట్టిగా చేసేయనా ఆంటీ? మీకూ హాయి" అంటే సరే. ఎన్నో ఏళ్ళు పెంచుకున్న జడ నేలమీద పడి ఉంటే ఆవిడ దానివంకే చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం కొడుకు ఇంటికొచ్చి "భలే ఉన్నావమ్మా, పదేళ్ళు తగ్గిపోయావు" అన్నాడు. దానిక్కూడా సరే.

జబ్బు చెయ్యకముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ వజ్రాలు ఏరే గదిలో పనిచేసింది. ఉత్తరం వైపు కిటికీ, తెల్ల కాగితం పరిచిన బల్ల, కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం. దాన్ని అక్కడ లూపు అనేవాళ్ళు. మిగతావాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి చూసే రాయిని ఆవిడ ఒక్క చూపుతో తేల్చేసేది. ఏ మూల ఏ లోపం దాక్కున్నా ఆ కంటికి దొరికిపోయేది. అసలు పేరు మరిచిపోయి అందరూ డేగమ్మ అనే పిలిచేవాళ్ళు.

కొడుక్కి పెళ్ళి కుదిరింది. పిల్లను తనే వెతుక్కున్నాడు. ఈత నేర్పే టీచరు. భుజాలు వెడల్పు, గొంతు ఇంకా పెద్దది, నవ్విందంటే వీధి చివరిదాకా వినపడుతుంది. నిశ్చితార్థం ఉంగరానికి గుండ్రటి వజ్రం కావాలనుకున్నారు ఇద్దరూ. "మా అమ్మ చూడకుండా నేను రాయి కొనడమా? ఇంకేమన్నా ఉందా!" అన్నాడు కొడుకు. ఆ మాట విన్నరోజు, జబ్బు చేసిన నాలుగు నెలలకు మొదటిసారి, ఆవిడకు నిజంగా ఆకలేసింది.

ఆదివారం పొద్దున పదింటికి వజ్రాల వ్యాపారి దగ్గరికి వెళ్ళారు. ఆయన గది మూడో అంతస్తులో. లిఫ్టు పాడయింది. కాబోయే కోడలు చక్రాల కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది. కొడుకు తల్లిని చేతులమీద ఎత్తుకుని మెట్లెక్కాడు.

"చిన్నప్పుడు నన్ను నువ్వు మోశావుగా, ఇప్పుడు నా వంతు. కాకపోతే అప్పుడు నేను ఇంత బరువు లేను" అన్నాడు రొప్పుతూ. ఆవిడ వాడి చెవి మెలిపెట్టింది.

వ్యాపారి ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు. "డేగమ్మగారూ! మీ ముందు పొట్లం విప్పాలంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయండీ" అన్నాడు. ఆయన కళ్ళు మాత్రం ఆవిడ వంకరపోయిన పెదవి మీద ఒక్క క్షణం ఆగి పక్కకు జారాయి.

తెల్ల కాగితం మీద మూడు రాళ్ళు పెట్టాడు. మూడూ గుండ్రటివే. మొదటిది పెద్దది, కానీ లోపల కాస్త పసుపు. మూడోది కొంచెం చిన్నది. రెండోదాని మీద వెలుతురు పడగానే కాబోయే కోడలు "అబ్బ!" అంది. నిజంగానే అది నిప్పురవ్వలా ఉంది.

కొడుకు పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ ఎడం చేత్తో లూపు కంటికి ఆనించుకుంది. ముందు అంతా మసక. తరవాత రాయి పలకలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. మంచం, మందులు, చెంచాతో తాగించే గంజి, ఏవీ లేవు. కన్ను ఉంది, రాయి ఉంది. ఆవిడ మళ్ళీ ఆ కిటికీ పక్కన కూర్చుంది.

మూడోది కడిగిన ముత్యంలా ఉంది. ఏ మచ్చా లేదు.

రెండోదాని దగ్గర ఆవిడ కన్ను ఆగింది. అంచు దగ్గర మొదలై లోపలికి ఏటవాలుగా దిగిన పగులు. వెంట్రుకంత సన్నం.

"సర్టిఫికెట్లో కూడా రాశారండీ, దాచేదేం లేదు" అంటున్నాడు వ్యాపారి. "అంచున చిన్న గీత. మామూలు కంటికి ఆనదు. పొదిగేటప్పుడు సరిగ్గా దానిమీదే బంగారపు గోరు వంచితే ఇక ఆ దేవుడిక్కూడా కనపడదు."

అదే వద్దు! రాయిని పట్టుకునే ఆ గోరు అక్కడ నొక్కితే అంచు లేచిపోతుంది. అలా పోయిన రాళ్ళను ఆవిడ ఎన్నిటినో చూసింది. వద్దురా నాన్నా, మూడోది తీసుకో. మాటలు గొంతుదాకా వచ్చాయి.

"సరే!" అంది ఆవిడ. గట్టిగా, కోపంగా.

"చూశారా ఎంత గట్టిగా చెప్పారో!" వ్యాపారి బల్ల చరిచాడు. కొడుకు మొహం వెలిగిపోయింది.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "సరే, సరే, సరే!" చెయ్యి విసిరింది. ఆ విసురుకి పట్టకారు ఎగిరిపడింది, రాయి ఎటో పోయింది. ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని గచ్చంతా వెతికారు. చివరికి చక్రాల కుర్చీ కిందే దొరికింది. వాళ్ళు వెతుకుతున్నంతసేపట్లో ఆవిడ మూడో రాయిని అందుకుని పిడికిట్లో బిగించింది.

"అమ్మ అలిసిపోయింది" అన్నాడు కొడుకు. ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కొక్క వేలే, నొప్పి కలగకుండా విప్పాడు. ఆ మెత్తదనం ఆవిడకు కొట్టినట్టయింది. వాడు కొంచెం మొరటుగా లాగినా బాగుండును, తిరగబడేది. రాయి వాడి అరచేతిలోకి జారిపోయింది.

కాబోయే కోడలు ఆవిడ కళ్ళలోకి చూసింది. "ఏమో, అత్తయ్య ఇంకేదో అంటున్నారేమో" అంది నెమ్మదిగా.

"రెండోదే కదమ్మా?" అన్నాడు కొడుకు.

పళ్ళు బిగబట్టి నోరు మూసుకుంది. మూసుకున్న నోట్లోంచి కూడా ఆ మాట బయటికొచ్చింది.

రెండోదే కొన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ ఊరుకోలేదు. కాగితం, పెన్సిలు చూపించి తెప్పించుకుంది. ఎడం చేత్తో, వంకరటింకరగా ఒక గుండ్రం గీసింది. అంచు నుంచి లోపలికి ఒక గీత లాగింది. కొడుక్కి చూపించింది.

"ఏంటమ్మా ఇది? గడియారమా? టైమెంతయిందనా? పదకొండున్నర."

ఇంకోటి గీసింది. గీతని నాలుగైదుసార్లు దిద్దింది, కాగితం చిరిగేదాకా.

"ఓ, ఇక్కణ్ణుంచి గడియారం కనపడట్లేదా? చెప్పవే మరి!" వాడు హాల్లోంచి గోడగడియారం ఊడదీసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు. పెట్టి, ఎలా ఉంది అన్నట్టు నవ్వాడు. ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పడిపోయిన సగం మొహంలో ఏది ఏదో వాడికి తెలియలేదు. ఆ మర్నాడు, ఆ పై రోజు కూడా గీసింది. వాడు ఆ కాగితాలన్నీ దిండు పక్కన జాగ్రత్తగా సర్దిపెట్టాడు, చేతికి మంచి వ్యాయామం అని.

గురువారం మధ్యాహ్నం కొడుకు ఆఫీసు మధ్యలోనే ఇంటికొచ్చాడు. వెనకాల, ఉంగరానికి రాయి పొదగడానికి తీసుకున్న పెద్దాయన. ఆవిడ ఎరిగిన మనిషే. చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు. చేతిలో చిన్న కాగితపు పొట్లం.

"మూడో గోరు వంచుతుంటే టిక్కుమందమ్మా" అన్నాడు. "నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నాను. ఆ చప్పుడు వినపడగానే నా ప్రాణం పోయినట్టయింది."

పొట్లం విప్పాడు. అంచున గోటితో గిల్లినంత ముక్క లేచిపోయి ఉంది.

"తప్పు నాదే. ఎవరు తెచ్చినా లూపు పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. డేగమ్మగారు చూసి ఒప్పుకున్న రాయి అన్నారు. ఇంక నేను చూసేదేముందిలే అని..." ఆయన పొట్లాన్ని మళ్ళీ మడిచాడు. "మీ పేరు విని నేను చూడలేదమ్మా."

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు చెమటోడ్చి సంపాదించుకున్న పేరు, తను లేనిచోట తన బదులు మాట్లాడింది. అబద్ధం చెప్పింది.

కొడుకు గోడకి ఆనుకున్నాడు. "నువ్వు చూశావు కదమ్మా. చూసి కూడా... ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అనేశాడు. అన్నాక తన మాట తనకే వినపడి తెల్లబోయాడు.

పెద్దాయన దిండు పక్కన ఉన్న కాగితాల్లో పైది తీశాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. ఒకటి చూసి, ఇంకోటి చూసి, అన్నీ చూశాడు.

"ఇవి ఎప్పుడు గీశారు బాబూ?"

"ఆదివారం నుంచీ. గడియారం..."

"గడియారం కాదు. ఇది రాయి. ఇది పగులు. సరిగ్గా ఎక్కడుందో అక్కడే గీశారు."

కొడుకు మంచం పట్టె మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నీ తప్పేం లేదురా, నా బంగారు తండ్రీ, ఎవరికి మాత్రం తెలుస్తుంది అని చెప్పాలనుంది ఆవిడకు. నోరు తెరవడానికి భయమేసింది. ఊరికే వాడి జుట్టులో వేళ్ళు పెట్టి కూర్చుంది.

పగిలిన రాయిని వ్యాపారి వెనక్కి తీసుకోనన్నాడు. దాన్ని మళ్ళీ సానపట్టించి చిన్నది చెయ్యడం ఒక్కటే దారి. అది తయారయ్యేలోపు నిశ్చితార్థం వచ్చేసింది. ఉత్త బంగారపు ఉంగరంతోనే జరిపించారు. కాబోయే కోడలు ఎవరేం అడిగినా "రాయి ఈతకెళ్ళింది, వచ్చేస్తుంది" అని నవ్వేసింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆవిణ్ణి ఏదీ నోటితో చెప్పమని అడగడం మానేసింది. రెండు చీరలు తెచ్చి ముందు పెట్టేది, ఎడం చెయ్యి దేనిమీద పడితే అది. ఒక్కోసారి ఆ చెయ్యి కూడా మాట వినేది కాదు, నీలం కావాలనుకుంటే పచ్చదాని మీద పడేది. ఆ పిల్ల ఆగేది, మొహం చూసేది, మళ్ళీ అడిగేది. కొడుకూ అలాగే ఆగి మొహం చూడటం నేర్చుకున్నాడు.

మూడు వారాలకు రాయి వచ్చింది. కొడుకు దాన్ని పొదిగించకుండా ముందు ఇంటికి తెచ్చాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి లూపు ఇచ్చాడు. పట్టకారుతో రాయిని ఎత్తి పట్టుకున్నాడు. పక్కనే కాబోయే కోడలు.

పగులు పూర్తిగా పోయింది. ఇక గోరు ఎక్కడ వంచినా భయం లేదు. కానీ సానపట్టిన మనిషి ఒకవైపు కొంచెం ఎక్కువ అరగదీశాడు. రాయి పూర్తి గుండ్రంగా లేదు. మామూలు కంటికి తెలియదు. పొదిగాక ఎవరికీ తెలియదు. రాయి కూడా నిప్పురవ్వ పోయి నీటిచుక్కలా ఉంది. ఇంకోసారి సానపట్టిస్తే మిగిలేది ఏమీ ఉండదు.

ఇద్దరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. ఇన్ని నెలలూ ఆవిడ కోరుకుంది ఇదే, ఎవరైనా ఇలా చూడాలని. ఇప్పుడు ఆ మొహాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆవిడకు తెలియలేదు.

"అమ్మా?" అన్నాడు కొడుకు.

ఆవిడ లూపు దించలేదు. ఇంకా ఏదో వెతుకుతున్నట్టు, తల రాయి మీదికి మరికాస్త వంచింది.