మస్కీ సీజన్‌కి ముందు శనివారాలు

మా అన్న ఎల్రాయ్‌కి నవంబరులో పక్షవాతం వచ్చింది. కాగితం మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో ఒక్కడే. జింకల వేట మొదలయ్యే ముందురోజు వంటింట్లో తుపాకీ తుడుచుకుంటూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పొరుగావిడ కిటికీలోంచి చూసి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో ఆరు వారాలు ఉంచాక వాసా ఊళ్లో ఉన్న మా ఇంటికి తెచ్చుకున్నాను. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడ్చుకుంటూ కర్ర సాయంతో నడిచేవాడు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మాట. ఎదుటివాళ్లు అనేదంతా అర్థమయ్యేది, తన మాటలు మాత్రం నోటికి వచ్చేవి కావు. మిగిలినవి రెండే. ఒకటి 'కాదు', రెండోది చర్చిలో అనకూడనిది.

స్పీచ్ థెరపిస్ట్ వారానికి రెండుసార్లు వచ్చేది. మంచి పిల్ల, ఓపిక చాలా ఎక్కువ. కప్పు, కుక్క, కుర్చీ బొమ్మలున్న కార్డులు చూపించి పేర్లు చెప్పమనేది. మా అన్న మొదటి వారం ప్రయత్నించాడు. రెండో వారం ఆ కార్డుల్ని ఒక్కొక్కటే తీసి సూపు గిన్నెలో వేశాడు. ఆ తర్వాత రోజంతా కిటికీ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. బయట మంచు తప్ప చూడడానికేమీ లేదు.

ఫిబ్రవరి చివర ఒక శనివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తీస్తే గేలెన్.

గేలెన్ ఒకప్పటి నా భర్త. తొమ్మిదేళ్ల క్రితం రైన్‌లాండర్‌లో ఒకామె దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కాపురం రెండు చలికాలాలు కూడా నిలవలేదు. తిరిగి రమ్మని నేను పిలవలేదు, వస్తానని అతనూ అడగలేదు. మా అన్న ఒక ఏడాది అతని మొహం చూడలేదు. ఆ మరుసటి మే నెలలో మాత్రం ఇద్దరూ మళ్లీ కలిసి ఉత్తరాన మస్కీ చేపల వేటకి వెళ్లారు. నేను నిలదీస్తే, "వాడు నీకు మొగుడు కాకపోతే మానె. నా పడవలో ఇంకోడు కూర్చుంటే నాకు తోచదు" అన్నాడు మా అన్న. ఆ మాట చాలాకాలం నాలో ముల్లులా ఉండిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ గేలెన్ చేతిలో బొమ్మచేపల్లాంటి ఎరలున్న పెట్టె, చంకలో చుట్టిన మ్యాపు ఉన్నాయి. జుట్టు పూర్తిగా నెరిసింది. మే ఆఖరి వారంలో సీజన్ తెరుస్తారని, ఈపాటికి ఏటా ప్లాన్ వేసుకోవడం మొదలుపెట్టేవాళ్లమని, ఈ ఏడు కూడా వేసుకుందామని వచ్చానని అన్నాడు. నా కళ్లలోకి చూడకుండా తలుపు గొళ్లెంతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. మా అన్న చొక్కా బొత్తాలు కూడా తనంతట తాను పెట్టుకోలేడని, ఇంక పడవలు, చేపలు ఎక్కడివని అన్నాను.

"ప్లాన్ వెయ్యడానికి టేబుల్ ఉంటే చాలు కదా డోరిన్" అన్నాడు.

లోపల కుర్చీ కిర్రుమంది. మా అన్న ఇటు తిరిగాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

వాళ్లకి వంటింటి టేబుల్ వదిలేసి, ఉతకాల్సిన బట్టలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాను. మాటలు మెట్ల మీదుగా కిందికి వినిపిస్తూనే ఉన్నాయి. గేలెన్ నోటికొచ్చినట్టు వాగుతున్నాడు. ఈసారి అడుగు పొడుగు ఎరలు పట్టుకెళ్దాం అన్నాడు. లోతున్న చోట వేసి, చేతనైనంత వేగంగా లాగేద్దాం అన్నాడు. మా వైపు వాళ్లెవరైనా నవ్వుతారు ఆ మాటకి. సీజన్ మొదట్లో మస్కీ అప్పుడే గుడ్లు పెట్టి, అలిసిపోయి, వెచ్చదనం కోసం లోతు తక్కువ నీళ్లలో పడి ఉంటుంది. చిన్న ఎర వేసి, మెల్లగా లాగాలి. అది గేలెన్‌కి నేర్పినవాడే మా అన్న.

"కాదు" అని వినిపించింది.

"పోనీ, అడుగున్నర ఎర."

"కాదు." తర్వాత చాలాసేపు కర్రతో నేలని పొడుస్తున్న చప్పుడు. "చి... చిన్న."

తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గేలెన్ చప్పట్లు కొట్టలేదు, శభాష్ అనలేదు. "చిన్నదా? ఎంత చిన్నది? అసలు నిన్నెవడడిగాడు?" అని గొణిగి ఎరల పెట్టె తెరిచాడు.

ఆ తర్వాత ప్రతి శనివారమూ వచ్చాడు. అతను కావాలనే తప్పులు చెబుతున్నాడని మా అన్నకి తెలియదనుకోను. తెలిసినా సరిదిద్దకుండా ఉండలేకపోయేవాడు. మార్చి సగానికి 'నెమ్మది', 'నలుపు', 'ఉత్తరం' వచ్చాయి. 'తప్పు' వచ్చింది, అది వచ్చాక మరి ఆగలేదు. థెరపిస్ట్ పిల్ల కప్పు, కుక్క కార్డులు సంచిలో పెట్టేసి, ఎరల పెట్టె ముందుకి లాక్కుని, "ఇదేంటండీ? దీని తోకకి వెంట్రుకలెందుకు?" అని అడగడం మొదలుపెట్టింది. మా అన్నకి ఆ పిల్ల మీద అప్పుడు గౌరవం కలిగింది.

నేను బేస్‌మెంట్ మాని వంటింట్లోనే కాఫీ పెడుతూ తిరిగేదాన్ని. గేలెన్‌కి కూడా ఒక కప్పు పోసేదాన్ని. అంతకుమించి మాటల్లేవు.

ఏ సరస్సుకి వెళ్లాలన్న దగ్గర వాళ్లిద్దరికీ రెండు వారాలు తగువు నడిచింది. గేలెన్ ఈసారి నిజంగానే బిగ్ మార్టెన్ సరస్సు అన్నాడు, అక్కడ పడవ దించడం సులువని. మా అన్న ఎడమచేతి వేలితో మ్యాపు మీద కెటిల్ సరస్సు ఉత్తరపు మూల చూపించి అక్కడే నొక్కి పట్టుకున్నాడు. ఆ మూల నీళ్లు నడుములోతు, అడుగున నల్లటి బురద. ఎండ తగిలితే అన్నిటికన్నా ముందు అదే వెచ్చబడుతుంది. "ఇక్కడ. నలుపు. వెచ్చన" అన్నాడు. గేలెన్ ఒప్పుకోక తప్పలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒంటిచేత్తో ఎర విసరడం, గాలం తాడు చుట్టే చక్రం తిప్పడం కుదరదు. గేలెన్ దానికీ ఆలోచించుకునే వచ్చాడు. మా నాన్న కాలంలోలాగా తెడ్లు వేసుకుంటూ పోతే ఎర దానంతటదే వెనక ఈదుతూ వస్తుంది, ఎల్రాయ్ వెనక బల్ల మీద గాలం కర్ర పట్టుకుని కూర్చుంటే చాలు. మోటారైతే అంత తక్కువ నీళ్లలో చేప బెదిరిపోతుంది. కానీ గేలెన్‌కి నడుములో డిస్క్ అరిగిపోయింది, గంటసేపు కూడా తెడ్లు వెయ్యలేడు. ఇద్దరూ టేబుల్‌కి చెరోవైపు కూర్చుని ఆలోచనలో పడ్డారు. నేను సింకు దగ్గర బంగాళాదుంపలు చెక్కుతున్నాను.

"డోరిన్" అన్నాడు మా అన్న.

చాకు ఆగిపోయింది. పక్షవాతం వచ్చాక నా పేరు పలకడం అదే మొదటిసారి. తిరిగి చూశాను. మొహమంతా ఎర్రబడి, ఇంకో మాట కోసం గింజుకుంటున్నాడు.

"డోరిన్... తెడ్లు."

"అయిదు నెలల తర్వాత నా పేరు నోటికొచ్చింది పని చెప్పడానికా?" అన్నాను. నవ్వబోయాను. నవ్వు సరిగ్గా రాలేదు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. గేలెన్ లేచి, బండిలో ఏదో మరిచిపోయానంటూ బయటికి వెళ్లిపోయాడు. బయట పది నిమిషాలు ఊరికే నిలబడ్డాడని నాకు తెలుసు.

చిన్నప్పుడు మా నాన్నకి తెడ్లు వేసింది నేనే. అన్న చేపలు పట్టేవాడు, నేను పడవ నడిపేదాన్ని. ఇప్పుడు నాకు అరవై రెండు, నడిపేది స్కూలు బస్సు. ఒప్పుకున్నాను కానీ షరతులు పెట్టాను. నాకు వేరే గది. అందరికీ లైఫ్ జాకెట్లు. డాక్టరు సరేనంటేనే ప్రయాణం. నేను ఒడ్డుకి అంటే ఒడ్డుకే, చేప గాలానికి వేలాడుతున్నా సరే. ఆఖరి షరతుకి మా అన్న చర్చిలో అనకూడని ఆ రెండో మాట వాడాడు.

ఏప్రిల్‌లో నది వెనకపాయలో మంచు కరిగింది, సాధన మొదలుపెట్టాం. ఎల్రాయ్ బరువు ఎలా ఉంటుందో తెలియాలని గేలెన్ అయిదు ఉప్పు బస్తాలు, నీళ్లశుద్ధి యంత్రంలో పోసేవి, వెనక బల్ల మీద కట్టాడు. నేను మధ్యలో వాటికి ఎదురుగా కూర్చుని తెడ్లు వేస్తుంటే, గేలెన్ నా వెనకాల పడవ ముక్కు దగ్గర కూర్చుని దారి చెప్పేవాడు. మూడోరోజు, అరచేతులు బొబ్బలెక్కి మండుతున్నప్పుడు, అతను దారి చెప్పడం మానేశాడు.

"డోరిన్, నేను చేసింది తప్పు" అన్నాడు. "కారులో సామాను పెట్టుకున్న రోజే తెలుసు. చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. నువ్వేమీ అనక్కర్లేదు."

ఉప్పు బస్తాల్ని చూస్తూ తెడ్లు వేశాను. అతను నా మొహం చూడలేడు, నేను అతని మొహం చూడక్కర్లేదు, అది ఇద్దరికీ మేలైంది. కాసేపటికి, "ఎడమకి పోతున్నానా?" అని అడిగాను. కొంచెం, అన్నాడు. పడవ ఒడ్డుకి కట్టేటప్పుడు మాత్రం తాడు అతని చేతికి అందిస్తూ, "విన్నాను" అన్నాను.

ఆ ఏడు వసంతం ఆలస్యమైంది. కెటిల్ సరస్సు దగ్గర ఎరల కొట్టు నడిపే ఓర్లా వారం వారం ఫోన్ చేసి మంచు సంగతి చెప్పేది. మే తొమ్మిదికి గానీ సరస్సు మీది మంచు కరగలేదు. నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయని, చేప కదలదని, రెండు వారాలు వాయిదా వేసుకుందామని గేలెన్ అన్నాడు. ఈసారి అది నాటకం కాదు. నేనూ అదే మంచిదన్నాను. మా అన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మేమిద్దరం తొందరపెట్టలేదు.

"మొదటిరోజుకే వెళ్దాం" అన్నాడు. "చేప లేకపోయినా."

అన్ని మాటలు వరసగా అనడం అదే మొదలు. ఇంక వాయిదా మాట ఎవరూ ఎత్తలేదు.

మొదటిరోజు అచ్చం గేలెన్ భయపడ్డట్టే గడిచింది. గాలి, చినుకులు, నీళ్లు ఫారెన్‌హీట్‌లో యాభై రెండు డిగ్రీలు. రెండు గంటలకే అన్న పెదవులు నీలంగా మారితే ఒడ్డుకి అన్నాను. చేప లేదు కాబట్టి పెద్దగా తిట్టలేదు. మేం దిగిన కాబిన్‌లో గేలెన్ బంగాళాదుంపలు, సాసేజ్‌లు వేయించాడు. అన్న తిని కుర్చీలోనే నిద్రపోయాడు.

ఆదివారం ఎండ కాసింది. మధ్యాహ్నానికి ఉత్తరపు మూలలో నీళ్లు యాభై ఎనిమిది డిగ్రీలకి వచ్చాయి. నాచు అంచు వెంబడి మూడోసారి తిరిగి వస్తుంటే అన్న చేతిలో గాలం కర్ర వంగింది. అతను అరవలేదు. నా కళ్లలోకి చూశాడంతే. నేను తెడ్లు ఎత్తేశాను. అన్న కర్ర మొదలు తొడల మధ్య ఇరికించి, ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. చక్రం మాత్రం గేలెన్ పాక్కుంటూ వచ్చి తిప్పాడు. చేప రెండుసార్లు పడవ కిందికి దూరింది. చివరికి వలలోకి వచ్చింది. ముప్పై ఏడు అంగుళాలు. చట్టం ఉంచుకోనిచ్చే కొలతకి మూడంగుళాలు తక్కువ, ఎక్కువైనా వాళ్లు ఉంచుకునే రకం కాదు.

వలని నీళ్లలోనే ఉంచి గేలెన్ కొక్కెం తీశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే అతనే మా అన్న పడిపోయిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, నీళ్లలోకి దించి, చేప పొట్ట కింద పెట్టాడు. అన్న వంగి చూస్తున్నాడు. చేప ఒళ్లు బంగారు ఆకుపచ్చ, దాని మీద నల్లటి చారలు. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ కాసేపు ఆ అరచేతిలోనే ఉంది. తర్వాత తోక ఒక్కసారి ఆడించి నల్లటి అడుగులోకి వెళ్లిపోయింది.

"చల్లగా ఉంది" అన్నాడు అన్న. అది ఏ చేతికి తెలిసిందో నేను అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. గేలెన్ పాత పికప్ ట్రక్కులో ముగ్గురికీ ఒకే సీటు, నేను మధ్యలో. టోమాహాక్ ఊరి దాకా మెలకువగానే ఉన్నాను. ఆ తర్వాత ఏమీ తెలియదు. కళ్లు తెరిచేసరికి నా తల గేలెన్ భుజం మీద ఉంది, బయట ఎప్పుడూ చూడని పొలాలు పోతున్నాయి. మా ఊరి మలుపు దాటి చాలాదూరం వచ్చేశాం.

"దారి తప్పావు" అన్నాను, తల ఎత్తకుండా.

"తెలుసు" అన్నాడు గేలెన్.

అవతలి పక్కన మా అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "నెమ్మదిగా పోనీ" అన్నాడు.