నీడ తూకం

ఏ త్రాసుకైనా వేలు ఆనించడానికి ఒక చోటు ఉంటుందని పటిక వ్యాపారి నీలకంఠం గట్టి నమ్మకం. అందుకే ఆరోగ్యస్వామి మాస్టారు తెచ్చిన మిషన్ను చూడగానే, అదెలా పనిచేస్తుందో అడగలేదు. వేలు ఎక్కడ ఆనాలో వెతికాడు.

అది 1986 వానాకాలం. సువర్ణరేఖ నది ఎర్రమన్ను మోసుకొస్తోంది. ఒడ్డునున్న భుయ్యాడీహ్‌లో సన్యాసిరావు మెస్సుకు ఆ నీళ్ళే దిక్కు. వాటిని తేర్చడానికి ఈ సీజనంతా నీలకంఠం దగ్గర పటిక కొనాలా, జోగమ్మ దగ్గర చిల్లగింజలు కొనాలా అన్నది ఇవాళ తేలాలి. గింజను కుండలో అరగదీస్తే మన్ను అడుక్కి దిగిపోతుంది. ఇటు నీలకంఠం గోదాంలో పటిక బస్తాలు చెమ్మకి కారిపోతున్నాయి. ఈ ఆర్డరు పోతే అతని ఏడాది లాభం నీళ్ళపాలే.

ఇద్దరూ ఒకే బకెట్టు నీళ్ళు పంచుకుని, తేర్చి తెచ్చారు. నీలకంఠం ఎందుకైనా మంచిదని తన కుండలో నాలుగింతల పటిక తిప్పాడు.

"కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అందుకే సిద్ధగోరా నుంచి మాస్టార్ని పిలిపించాను," అన్నాడు సన్యాసిరావు.

మాస్టారు మిషన్ను కిటికీ పక్కన పెట్టాడు. గాజు గొట్టానికి ఒకవైపు చిన్న బల్బు, ఎదురుగా వెలుతురును పసిగట్టే బఠాణీ గింజంత కన్ను. ఆ కంటికి ఎంత వెలుతురు అందిందో మైక్రోకంట్రోలర్ అనే నల్లటి చిప్పు లెక్కగట్టి, ఎర్రటి అంకె చూపిస్తుంది. బురద ఎక్కువై వెలుతురు తగ్గితే అంకె పెద్దది.

ముందు ఉత్త నది నీళ్ళు పోశాడు. అంకె ఎనభై. ఇంతలో మబ్బు తొలగి కిటికీలోంచి ఎండ పడింది. అంకె అరవైకి దిగింది. మాస్టారు వైరు సర్దుకుంటూ చూడలేదు. నీలకంఠం చూశాడు. వేలు ఆనే చోటు దొరికింది.

జోగమ్మ నీళ్ళు పోసేసరికి అతను కిటికీకి అడ్డంగా నిలబడి ఒళ్ళు విరుచుకున్నాడు. అంకె ముప్పై. తన నీళ్ళ వంతు రాగానే, మర్యాదగా పక్కకి జరిగాడు. అంకె నాలుగు.

"చూసావా జోగమ్మా! ఇది మిషన్. అబద్ధమాడదు."

జోగమ్మ మిషన్ను చూడలేదు, అతన్నే చూస్తోంది. కుర్చీ కనిపిస్తే కూలబడే మనిషి ఇంతసేపు నిలబడ్డాడేమిటి?

"మాస్టారూ, నా నీళ్ళల్లో ఈ సావుకారి నీడ గాని కలిసిందేటి?"

మాస్టారు ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. "అరె! బయటి వెలుతురు లోపలికి పోతోంది. నల్లటిది ఏదైనా కప్పాలి." గోడకి ఆనించి ఉన్న నీలకంఠం గొడుగు తీసి, మిషన్ మీద విప్పి, అంచుల చుట్టూ గోనెసంచి కప్పాడు.

జోగమ్మ నీళ్ళు: ముప్పై రెండు. నీలకంఠం నీళ్ళు: ముప్పై ఒకటి.

"ఒక్కటైనా తక్కువ తక్కువే!" నీలకంఠం తొడ చరిచాడు. "ఆర్డరు నాదే."

"మెస్సులో నీళ్ళు చూత్తారా, తాగుతారా?" అంది జోగమ్మ.

సన్యాసిరావుకు ఆ మాట సబబనిపించింది. జోగమ్మ కుండలోవి ఒక గుక్క తాగి తల ఊపాడు. నీలకంఠం కుండలోవి నోట్లో పోసుకున్నాడో లేదో, ముఖమంతా ముడుచుకుపోయింది. పరుగున వెళ్ళి కిటికీలోంచి ఉమ్మి వచ్చాడు.

"ఏటయ్యా ఇది, వగరు! నాలుక కర్రముక్క అయిపోయింది. సీజనంతా జోగమ్మ గింజలే."

బయట మళ్ళీ చినుకు మొదలైంది. నీలకంఠం బేరం పోయిన బాధ మింగి, మిగిలిన దాంట్లో ఏం రాబట్టొచ్చో లెక్కేశాడు.

"మాస్టారూ, ఇందాకట్నుంచి నా గొడుగు మీ మిషన్ దగ్గర పన్జేత్తంది. దాని అద్దె సంగతేటి?"

జోగమ్మ అతని కుండలోంచి గ్లాసు నిండా ముంచి, చేతికందించింది.

"తాగు సావుకారీ. చెల్లుకి చెల్లు."