వీడియోలోని చేతులు

"గా టింగుటింగు ఆపి పప్పు సూడు, అడుగంటుతుంది!" అంది అత్త నర్సవ్వ, వంటింటి గడప మీద కూర్చునే. చేయి చాపితే గరిటె ఆమెకే అందుతుంది. అయినా గిటారు పక్కన పెట్టి లేవాల్సింది రెబెకానే.

బోధన్ శక్కర్‌నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో రెబెకాకు దొరికేది పప్పు ఉడికే పావుగంట. స్కేలులో వరసగా నాలుగు స్వరాలు, ఒక మెట్టు పైకి జరిగి మళ్ళీ నాలుగు, ఇంకో మెట్టెక్కి ఇంకో నాలుగు. తీగ మీటే పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి, తప్పకుండా. తీగ మారేచోటల్లా పిక్ తట్టుకునేది. ఫోన్‌లో టిక్‌టిక్‌మనే తాళం పెట్టుకుని మొదట నడక వేగంలో, తట్టుకోవడం పోయాక కాస్త పరుగులో, ఏడు నెలలు సాధన చేసింది. చిన్నప్పుడు తండ్రి సీమోను నేర్పిన విద్య. పెళ్ళయ్యాక మాత్రం ఇంట్లో గిటారు భర్త పాల్ రాజ్‌ది. చర్చిలో లీడ్, అంటే పాటను ముందుండి నడిపే గిటారు, వాయించేది ఆయన, వెనక వరసలో పాడేది ఆమె. "ఏందే, వేళ్లు గిట్ల గట్టిపడ్డయి?" అన్నాడు మొన్న, తీగలు నొక్కే ఆమె ఎడమ చేయి పట్టుకుని. పదకొండేళ్లుగా అంట్లు తోమి తోమి పగిలిన కుడి చేయి ఆయనకెప్పుడూ కనబడలేదు.

క్రిస్మస్ పాట మధ్యలో వేగంగా సాగే లీడ్ ముక్క ఒకటుంది. అది ఆయనకు లొంగలేదు. ఇంట్లో రెబెకా దాన్ని తప్పు లేకుండా వాయిస్తుంటే విని, "నువ్వు కొట్టు, వీడియో తీస్త. సూసి నేర్చుకుంట. గాజులు తియ్యి, సప్పుడొస్తది" అన్నాడు. ముఖం రాకుండా చేతులే తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో చర్చి వాట్సాప్ గ్రూపులో ఉంది. 'పాల్ రాజన్న చేతులకు దేవుడిచ్చిన వరం' అని ఒకటే పొగడ్తలు. చాకిరీతో మొరటుబారిన ఆ చేతులు ఆడమనిషివని ఎవరికీ అనుమానం కూడా రాలేదు. నిలదీస్తే, "నావని నేనన్ననా? ఆళ్లే అనుకుంటుండ్రు. ఎవరు కొడితేంది, పేరు మన ఇంటికే గదా!" అన్నాడు. రెబెకాకు ఒళ్ళు మండిపోయింది. పప్పు మాడితే అది రెబెకా పప్పు. పేరొస్తే మాత్రం మన ఇంటిది!

శనివారం చర్చిలో రిహార్సల్. "వీడియోల కొట్టినట్టే కొట్టు నాయనా" అన్నారు పాస్టరు. పాల్ రాజ్ మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ తీగ మారేచోటే ఆగిపోయాడు. "వేలు బెణికింది అయ్యగారు" అంటూ రెబెకా వైపు చూశాడు. నోరు మూసుకోమనే చూపు. బంధువుల ముందు, పుట్టింటివాళ్ల ముందు ఆ చూపుకు ఎన్నిసార్లు తల దించుకుందో ఆమెకే లెక్క తెలియదు. ఈసారి లేచి నేరుగా ముందుకు నడిచింది.

"ఇటియ్యి."

ఆయన ఇవ్వలేదు. ఆయన భుజం మీది గిటారు పట్టీని ఆమే తీసి తన మెడలో వేసుకుంది. ఆ ముక్క మొదటి నుంచి చివరిదాకా వాయించింది. ఒక్క స్వరం జారలేదు.

"రెబెకక్కా, గా చేతులు నీవా!" అంది ఆమె పక్కన నిలబడి పాడే మేరీ. పాస్టరు గొంతు సవరించుకుని, "మంచిదమ్మా. పండుగనాడు నువ్వు గూడ పక్కకు నిలబడి, లీడ్‌కు తోడుగ రిథమ్ కొట్టు" అన్నారు.

"లేదు అయ్యగారు. లీడ్ నేను కొడ్త. రిథమ్ పాల్ రాజ్‌ను కొట్టమనుండ్రి."

పెళ్ళయిన పదకొండేళ్లలో రెబెకా భర్త పేరు పలకడం అదే మొదలు.