ఖాసింబీ కప్పుకున్న శాలువా

వారమంతా కంపెనీలో డ్రాయింగులు గీస్తాను, శుక్రవారం ఫోటోలు తీస్తాను. గీసేది జీతానికి, తీసేది ఎవరి కంటికీ ఆననివాళ్ళ కోసం. ఇక్కడ అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళ ఫోటోలు ఇరవై, అల్ అజీజియాలో ఒక చిన్న హాల్లో పెట్టాను. తెరిచిన గంటకే, వాళ్ళలో ఒకరైన ఖాసింబీ పనిచేసే ఇంటి డ్రైవర్ నాగూర్ ఫోన్ చేశాడు.

"సాలమన్ అన్నా, మేడం యెనక సీట్లో ఉండాది. నగుతా మాట్లాడతాండా, నువ్వు అరవగాకు. మీ ఫోటోలు చూడనీకే వస్తాండాం. ఖాసింబీ అక్క బొమ్మ పీకేయ్!"

"ఏం, బాలేదా?"

"కప్పుకునింది మేడం శాలువా! ఇస్త్రీకి ఇచ్చింటే కప్పుకోనొచ్చింది. పనిబట్టల్లో ఫోటో దిగితే ఊర్లో నామర్దా అంట. దొంగతనం అన్నారంటే గురువారం టికెట్ మాఫీ!"

మన దగ్గర మాఫీ అంటే క్షమించడం, ఇక్కడ మాఫీ అంటే లేదని. మూడేళ్ళ తర్వాత ఖాసింబీ కడప వెళ్ళే టికెట్ అది. పటం కోసం పట్టు కప్పుకుంటే ఆ పట్టే పట్టించేలా ఉంది.

నడిగోడ మీద ఫోటో పీకేసరికి తలుపు తెరుచుకుంది. ఫోటో బోర్లించి చంకలో పెట్టుకున్నాను. అప్పుడు కనబడింది, గోడకి ఇంకా అంటుకునే ఉన్న పేరు చీటీ. దానికి వీపు ఆనించి నిలబడిపోయాను. తిని పెంచిన వీపు, చీటీ మొత్తం మునిగింది.

మేడం ఒక్కో ఫోటో చూస్తూ నా ముందుకొచ్చి ఆగింది. వెనకే నాగూర్.

"ఇక్కడేం ఉండాలి?" ఇంగ్లీషులో అడిగింది.

"నా ఫోటో మేడం. కెమెరాలో పట్టలేదు."

నవ్వలేదు. నా తల పక్కనున్న ఖాళీ మేకునే చూస్తోంది. చంకలో ఫ్రేము చెమటకి జారుతోంది. ఎంతసేపు చూసిందో, నా వీపుకే తెలుసు.

"యల్లా, నాగూర్," అంటూ మేడం తలుపు వైపు నడిచింది.

గురువారం ఎయిర్‌పోర్టు నుంచి ఖాసింబీ ఫోన్ చేసింది.

"అన్నా, నా బొమ్మ నడిమధ్యలో పెడతానంటివే, పెట్టినావా? ఎవురన్నా చూసినారా?"

"అందరికంటే ఎక్కువసేపు నీ దగ్గరే నిలబడ్డారమ్మా."

"శాలువా బాగా కనపడినాదా?"

"బాగా కనపడింది," అన్నాను. ఆ ఫోటో అల్ మన్సూరాలో నా గది బీరువా వెనక ఉంది, గోడవైపు తిరిగి.