నడి చెరువులో ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ మధ్యలో నోరు తెరిస్తే చెరువులో దూకేస్తానని మా బాపును ముందే బెదిరించాను. చేపలు పట్టే మా బాపు రామచంద్రయ్య, కూతురి బెదిరింపుకు బుద్ధిగా తలూపి, తెప్పను నడి చెరువుకు తోశాడు. ఎలాగూ వచ్చాం కదా అని వల కూడా వేశాడు.

ఇంటర్వ్యూకి చెరువేమిటంటారా? ఇబ్రహీంపట్నంలో అప్పుడు నిశ్శబ్దం దొరికే చోటు అదొక్కటే. మా గల్లీలో ఓ పక్క బోరు వేస్తున్నారు, మరో పక్క ఆటోకి మైకు కట్టి కొంగరకలాన్ ప్లాట్లు అమ్ముతున్నారు. నేను జర్మన్ ఎమ్మే చదువుతున్నాను. ఒక సెమిస్టర్ జర్మనీలో చదవడానికి సీటొచ్చింది. విమానం టికెట్ ఇచ్చే స్కాలర్‌షిప్ మాత్రం ఒక్కరికే, ఈ ఇంటర్వ్యూ దానికే. అది రాకపోతే ఆ సీటు గోవిందా!

ఫోన్‌లో ఇద్దరు కనిపించారు. జర్మనీ మేడం ఒకరు, మాకు పాఠాలు చెప్పే శ్రీసుధ మేడం ఒకరు.

"ఉమారాణీ, నిన్నే ఎందుకు పంపాలి?" అని జర్మనీ మేడం తన భాషలో అడిగింది.

బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెప్పాను. ఆవిడ ఆవులింత ఆపుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"సరే, నీ వెనకాల ఏమవుతోంది?" అంది.

తిరిగి చూద్దును కదా, వలలో చంటిపిల్లంత బొచ్చె చేప! బాపు దాన్ని కావలించుకుని కుస్తీ పడుతున్నాడు. మాట తప్పకూడదని పెదవులు బిగబట్టి, కళ్ళతోనే కేకలు పెడుతున్నాడు. తెప్ప ఊగిపోతోంది. నాకు నవ్వు ఆగలేదు. బట్టీ గంగలో కలిసింది. చేప ఎగురుళ్ళూ బాపు పాట్లూ క్రికెట్ కామెంటరీలా జర్మన్‌లో చెప్పేశాను, తప్పులో ఒప్పులో! మధ్యలో "తోక పట్టు బాపూ, తోక!" అని అరిచాను. మేడంలిద్దరూ పడీపడీ నవ్వారు.

"నిన్ను పంపమంటారో వద్దంటారో మీ నాన్ననే అడుగు" అంది జర్మనీ మేడం.

"ఇగ మాట్లాడు బాపూ. నన్ను పంపాల్నా వద్దా అని అడుగుతున్నరు."

బాపు చేప మీద మోకాలు ఆనించి గొంతు సవరించుకున్నాడు. "దీనికి మస్తు కోపం మేడం. నన్నే కొడ్తదన్నట్టు చూస్తది. గని గీ పట్నం మొత్తం ఎతికినా నా బిడ్డ అసొంటిది దొరకది. పొద్దుగాల నా ఎంబడి వల గుంజి, బస్సెక్కి పోయి చదివింది. గా భాష ఎట్ల నేర్సిందో నాకే ఎరుక లేదు. దీన్ని ఇడ్సిపెడితే నష్టం మీకే."

నన్ను పొగిడాడా ఈయన! టెన్త్‌లో స్కూలు ఫస్టొస్తే "సరేగని, వల చిక్కు తియ్" అన్న మనిషి! అదంతా జర్మన్‌లో చెప్పాల్సింది నేనే. నేనేమో కళ్ళు తుడుచుకోవడంలో పడ్డాను. చివరికి శ్రీసుధ మేడమే అందుకుని, నా కోపం సంగతితో సహా పొల్లుపోకుండా చెప్పింది. మా బాపు పొగడ్త రెండోసారి, జర్మన్‌లో, చెవులారా విన్నాను. ఎంత బాగుందో!

"నష్టపోవడం మాకిష్టం లేదు. టికెట్ నీకే" అంది జర్మనీ మేడం.

"ఏమన్నదే?" అన్నాడు బాపు.

"రమ్మన్నది బాపూ, రమ్మన్నది!"

"మరి గట్ల ఏడుస్తవేందే, పిచ్చిదానా!" అంటూ నాకంటే గట్టిగా తనే ఏడ్చేశాడు.